దొరగారి ఊరికి నేను పట్టిన కొలతలు

పని ఏమిటంటే

నమూనా వడ్రంగి చేసిన వస్తువు ఏ ఇంట్లోనూ కనబడదు. మిల్లుకి ఒక చక్రం కావాలంటే ముందు దాన్ని మేం కర్రతో చేస్తాం. పోతపనివాడు ఆ కర్రను తడి ఇసకలో కూరి, ఇసక చెదరకుండా పైకి తీసి, అది వదిలిన గుంటలో కరిగిన ఇనుము పోస్తాడు. ఇనుము మిల్లుకి పోతుంది, కర్ర కొట్టుగదికి పోతుంది. పేరు ఇనుముది, చెదలు మాది. రంగూనులో ముప్పై ఎనిమిదేళ్లు నేను చేసింది ఇదే.

ఇన్సేన్ రైలు కార్ఖానాలో ఈ పనికి చేరుతున్న మనవాళ్లకోసం నాలుగు ముక్కలు రాయమని మా లమ్మడా వీధి సంఘంవారు అడిగారు. ఏ మెట్టు తరవాత ఏ మెట్టు ఎక్కాలో గుమాస్తాలు చెబుతారు, నాకు చేతకాదు. నేను బడి మొహం చూడలేదు. తెలుగు అక్షరాలు బెల్లం పొట్లాలు విప్పి నేర్చుకున్నాను. ఇంగ్లీషు మిషన్ల క్యాటలాగులు తిరగేసి నేర్చుకున్నాను. ఈ పని మీద ఇంగ్లీషువాళ్లు రాసిన లావుపాటి పుస్తకాలు కూడా చదివాను. కర్ర చేయడం చెప్పారు గాని, చేసిన కర్ర గురించి ఎవడైనా నిలబెట్టి అడిగితే ఏం చెప్పాలో ఒక్కడూ రాయలేదు. నా బతుకు చెడింది అక్కడ. కాబట్టి అదే రాస్తాను.

పొడుగు అంగుళం

కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అడుగుకి అంగుళంలో దాదాపు ఎనిమిదో వంతు తగ్గుతుంది. అందుకని నమూనాను ఆ మేరకు పెద్దగా చేయాలి. ప్రతిసారీ లెక్క కట్టుకునే బాధ లేకుండా మాకు వేరే కొలబద్ద ఉంటుంది. చూడడానికి మామూలు అడుగుబద్దే, కాని దాని మీద ప్రతి అంగుళం కాస్త సాగి ఉంటుంది. మేం దాన్ని పొడుగుబద్ద అంటాం. రెండూ పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు.

చేరిన కొత్తలో ఒక పుల్లీ నమూనాను మామూలు బద్దతో చేశాను. పుల్లీ చిన్నదై పోయింది. అప్పటి మా ఫోర్మను స్కాట్లాండువాడు, ఎర్ర గడ్డం. తిట్టలేదు, కొట్టలేదు. ఆ పుల్లీని కార్ఖానా ఈ కొసనుంచి ఆ కొసదాకా అందరి ముందూ నాచేత దొర్లించి, పజుండాంగ్ వాగు ఒడ్డుకు తీసుకుపోయి, "తోసెయ్" అన్నాడు. తోశాను. ఆ సాయంత్రమే నా మామూలు బద్దను కూడా అదే వాగులో పారేశాను. అది మొదలు నా నడుముకి పొడుగుబద్ద తప్ప ఇంకొకటి లేదు.

ఇలాంటి మొండితనాన్ని శ్రద్ధ అనుకునే వయసు అది. మీరు రెండు బద్దలూ ఉంచుకోండి.

దొరగారి ఊరు

తరవాత నేను ఒక బియ్యం మిల్లు కార్ఖానాకి మారాను. దాన్ని జర్మనీవాళ్లు నడిపేవారు. అక్కడ పెద్ద ఇంజనీరు బ్రూనో దొర. నేను కొలువు చేసిన ఆరుగురు పైవాళ్లలో, నా చేతిలో ఉలి ఉండగా నాతో మాట్లాడకుండా ఆగినవాడు అతనొక్కడే. ఉలి కింద పెట్టేదాకా నిలబడేవాడు. మా ఇద్దరి మధ్యా సగం ఇంగ్లీషు, సగం హిందూస్తానీ, మిగిలింది సుద్దముక్క.

వానాకాలంలో మిల్లు ఆగుతుంది, మరమ్మతులు తప్ప పనుండదు. అలాంటి రోజుల్లో ఒకనాడు అతను చిన్న కాగితం పట్టుకొచ్చాడు. "పైడయ్యా, నాకొక పశువుల పాక కావాలి. ఇంత" అని అరచెయ్యి చూపించాడు.

విషయమేమిటంటే, క్రిస్మసుకి వాళ్లు ఏసు పుట్టిన పాకను బొమ్మలతో పెడతారు. అతని ప్రాంతంలో ఆ పాక చుట్టూ ఎవరి ఊరు వాళ్లు కట్టి పెట్టుకుంటారట. "దూరదేశంలో పుట్టాడని పుస్తకంలో ఉంది. మేం ఏడాదికోసారి మా ఊళ్లోనే పుట్టాడని నమ్ముతాం" అన్నాడు.

ఆ పాకతో మొదలైంది. ఏడాదికొకటి, రెండు చొప్పున ఎనిమిదేళ్లు ఆ ఊరు కట్టాను. దాని పేరు నా నోటికి ఏనాడూ తిరగలేదు. కార్ఖానాలో అందరం "దొరగారి ఊరు" అనేవాళ్లం. పటంలో కూడా ఉండదట, అంత చిన్నది. నలభై గడపలు, ఒక వాగు, ఒక ఏసు గుడి.

రెండో ఏడు గుడి చేయించాడు. గుడి చుట్టూ నిలువెత్తు గోడ. పూర్వం ముప్పై ఏళ్లు సాగిన యుద్ధంలో ఏ సైన్యం వచ్చినా జనం పశువులతో సహా ఆ గోడలోపలికి పారిపోయేవారట. గోపురం మీద నల్లని పలకరాతి టోపీ. గడియారానికి ఒకటే ముల్లు. రెండోది గీయడం మరిచిపోయారేమోనని అడిగితే, "లేదు. మా ఊళ్లో నిమిషాలతో ఎవరికి పని?" అన్నాడు.

నేను చేసి దొర ఇంటికి తీసుకుపోయాను. బర్మా వడ్రంగి చేత ముందే కొలిచి చేయించిన బల్ల మీద పెడితే, గుడి గోడ అంచు దాటి బయటికి వచ్చింది. దొర తన బద్ద తెచ్చి కొలిచాడు. నా నడుము వంక చూశాడు. పొడుగుబద్ద!

"పైడయ్యా, నా గుడిని కరిగించి పోస్తావా?"

అంతటితో అయిందా? గోడలన్నీ పైకి పోయేకొద్దీ సన్నబడ్డాయి. ఇసకలోంచి తేలిగ్గా ఊడిరావాలని మేం ప్రతి నమూనాకీ అలా వాలు పెడతాం. చెయ్యి దానంతటదే పెట్టేసింది. గోపురాన్ని కూడా అలవాటుకొద్దీ రెండు సగాలుగా చేసి, లోపల తొలిచి, మేకుకర్రలతో కలిపాను. అడుగున నంబరు కొట్టాను. మా కొట్టుగదిలో నంబరు లేని కర్ర ఉండదు.

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ చేస్తానన్నాను. అప్పటికి దొరసాని లోపలినుంచి వచ్చింది. గుడి చుట్టూ ఒకసారి తిరిగింది. భర్తతో వాళ్ల భాషలో ఏదో అంది. అతను నవ్వడం మానేశాడు.

"ఏమన్నారండీ?"

"తనకి గుడి ఇంత పెద్దగానే గుర్తుందట. బల్ల మార్చమంటోంది."

అంచేత ఆ ఊరంతా పొడుగుబద్దతోనే కట్టాను.

మూడో ఏడు ఉమ్మడి రొట్టెల పొయ్యి. ఇంటింటికీ వేరే పొయ్యి లేదు, ఊరంతటికీ ఒక చిన్న రాతి ఇల్లే పొయ్యి. ఎవరి వంతు ఎప్పుడో చీట్లు తీస్తారు. మొదటి వంతు ఎవరికీ వద్దు. చల్లారిన పొయ్యిని వేడెక్కించడానికి కట్టెలన్నీ వాళ్లవే తగలబడతాయి. ఇది చెబితే మా సిమ్మాద్రి పడి పడి నవ్వాడు. సిమ్మాద్రి మా పోతపనివాడు, చీపురుపల్లి దగ్గరివాడు, నాకంటే పదేళ్లు చిన్న.

"మన కొళాయి కాడ మొదటి వొంతు కోసం జుట్లు పట్టుకుంతారు. ఆ ఊర్లో మొదటి వొంతు ఒద్దని జుట్లు పట్టుకుంతారా? దేశం తిరగబడిపోనాది మావా!"

చెరువు చేసినప్పుడు మాత్రం వాడు నవ్వలేదు. ఆ ముప్పై ఏళ్ల యుద్ధంలోనే గుడిగంటను సైనికులు ఎత్తుకుపోకుండా ఊరివాళ్లు చెరువులో ముంచారట. ముంచినవాళ్లు పోయారు. ఎక్కడ ముంచారో తెలిసినవాడు లేడు. కొన్ని తరాల తరవాత ఒక పంది బురద కుమ్ముతుంటే గంట అంచు బయటపడింది.

"పగల్నేదా?" అన్నాడు సిమ్మాద్రి, ఇసక చేతులతోనే.

"లేదట. ఇప్పటికీ అదే మోగుతోందట."

"ఎవుడు పోసేడో గాని మగాడు మావా" అని వాడు మళ్లీ ఇసక కూరడానికి కూర్చున్నాడు.

నీటిమిల్లు దగ్గర పేచీ వచ్చింది. వాగుకి ఎడమ ఒడ్డున ఉందని దొర, కుడి ఒడ్డున ఉందని దొరసాని. ఇద్దరిదీ అదే ఊరు, ఇద్దరూ అక్కడే పుట్టారు. నన్ను మధ్యన నిలబెట్టి గంటసేపు వాదించుకున్నారు. చివరికి నేను మిల్లు అడుగున మేకుకర్ర పెట్టి, రెండు ఒడ్డులకూ కన్నాలు తొలిచాను. ఒక ఏడు అతని ఒడ్డున, ఒక ఏడు ఆమె ఒడ్డున. ఆ వాగు ఎంతదనుకున్నారు? చిన్నపిల్ల లంగా ఎత్తిపట్టి దూకగలిగినంత.

ఆఖరుది రాతి సిలువ. ఊరి పొలిమేరలో మోకాలెత్తున ఉంటుందట. పూర్వం ఇద్దరు గొర్రెలకాపరులు మేత దగ్గర తగువు పడ్డారు. ఒకడు రెండోవాణ్ని కత్తితో పొడిచి చంపాడు. అక్కడి కట్టుబాటు ప్రకారం చంపినవాడు తన చేత్తోనే రాతి సిలువ చెక్కాలి. దేనితో చంపాడో అది కూడా దాని మీద చెక్కాలి. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే పాతాలి, అంగుళం అటూ ఇటూ జరపకూడదు. మూడు వందల ఏళ్లుగా ఆ కత్తిబొమ్మను జనం చూస్తూ పోతున్నారని దొర చెప్పాడు.

బొటనవేలంత సిలువ చేసి, మీద చిన్న కత్తి చెక్కాను. క్రిస్మసుకి ఇద్దామని నా పనిపెట్టెలో దాచాను. ఆ క్రిస్మసు రాకముందే ఇంగ్లీషువాళ్లకీ జర్మనీకీ యుద్ధం వచ్చింది.

కచేరీలో

మిల్లుకి తాళాలు పడ్డాయి. వయసులో ఉన్న జర్మనీవాళ్లను ఓడలెక్కించి శిబిరాలకు పంపేశారు. బ్రూనో దొరకి అరవై దాటాయి. వారానికోసారి వచ్చి కనబడితే చాలు, భార్యతో ఇంట్లోనే ఉండవచ్చని కాగితాలు నడుస్తున్నాయి. ఇంకొక్క సంతకం మిగిలింది. ఈలోగా ఇల్లు సోదా చేశారు. పెట్టెలో ఊరు దొరికింది.

ప్రతి కర్ర కిందా నంబరుతోపాటు నా ముద్ర ఉంది. నన్ను కచేరీకి పిలిపించారు.

పొడుగాటి బల్ల మీద ఊరంతా పరిచి ఉంది. తప్పుగా పరిచారు. రొట్టెల పొయ్యిని చెరువులో పెట్టారు. తెల్ల అధికారి ఒకడు, పక్కన రాసుకునే గుమాస్తా. అవతలి గదిలో కుర్చీ మీద బ్రూనో దొర. తలుపు తీసే ఉంది. అతనికి నా వీపు కనబడుతుంది, మాట వినబడదు.

"ఇది చేసింది నువ్వేనా?" హిందూస్తానీలో అడిగాడు అధికారి.

"నేనే అయ్యా."

"ఇదేం వాగు? పజుండాంగ్ వాగేనా? వంపు అలాగే ఉంది. మిల్లుంది. వంతెనుంది."

వాడు గోపురాన్ని చేతిలోకి తీసుకుని తిప్పాడు.

"ఈ నంబర్లేమిటి? ఈ గోపురం రెండుగా ఊడుతోంది, లోపల బోలుగా ఉంది. ఇందులో ఏం పెట్టేవాళ్లు? మిల్లుకి రెండు చోట్ల కన్నాలెందుకు?"

ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది. నంబరు కొట్టుగది అలవాటు. బోలు ఎందుకంటే గట్టి కర్ర వానాకాలంలో పగులుతుంది. రెండు కన్నాలు మొగుడూ పెళ్లాల తగువు. ఇది పిల్ల దూకే వాగు, ఇది పంది బయటపెట్టిన గంట, ఇది చీట్లు తీసుకునే పొయ్యి. ఆ ఊరి చరిత్ర రంగూనులో ఆ ఇద్దరి తరవాత పూర్తిగా తెలిసినవాణ్ని నేను. పావుగంట చెబితే ఆ గుమాస్తా కూడా నవ్వేవాడు.

"నాకు తెలీదయ్యా" అన్నాను. "దొర గీసిచ్చేడు. నేను చేసేను."

"ఏ ఊరో తెలీదా?"

"తెలీదయ్యా."

నన్నెవరూ బెదిరించలేదు. ఇది రాయాలి. ఉద్యోగం పోతుందని అనలేదు, జైలన్న మాట ఎత్తలేదు. మంచినీళ్లు కూడా ఇచ్చారు. ఆ అధికారి మూర్ఖత్వానికి నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వంద దేశాలేలే వాడికి బొమ్మకీ పటానికీ తేడా తెలియదా? కాని వాడు అడిగాడు. నోరు మూసుకున్నది నేను. ముందు వెనుకలు లేని భయం అది. తెల్లవాడు బల్లకి అవతల కూర్చుంటే "తెలీదయ్యా" అనడం మా నాన్న నేర్పాడు, ఆయనకు వాళ్ల నాన్న నేర్పాడు. సముద్రం దాటినా అది మా వెంటే వచ్చింది.

బయటికి వస్తూ అవతలి గది వైపు చూశాను. దొర కుర్చీలోంచి సగం లేచి, నాకు తల వంచాడు. తనకోసం మాట్లాడినందుకు మెప్పుగా వంచినట్టు వంచాడు.

ఆ సంతకం పడలేదు. వారం తిరక్కుండా ఆ ఇద్దర్నీ సేక్కాన్ రేవులో ఓడెక్కించారు. నేను గోనెల గుట్ట వెనక నిలబడి చూశాను.

"ఎనకాల నిలబడ్డావేటి మావా?" అన్నాడు సిమ్మాద్రి. "ముందుకెళ్లి దండం ఎట్టు. నీ దొర నీకోసవే ఎతుకుతన్నాడు."

నేను కదలలేదు. వాడే ముందుకు పోయి దండం పెట్టాడు.

ఉత్తరం

నేను ఇంకో కార్ఖానాకి మారిపోయాను. మిల్లు చేతులు మారింది. జప్తు చేసిన సామానుతో పాటు ఊరి పెట్టె కూడా తిరిగి తిరిగి మిల్లు కొట్టుగదికే చేరిందని నాకు తెలియలేదు. సిమ్మాద్రి వచ్చి చెప్పాడు.

"కొత్తోలు కొలిమి ముట్టించడానికి ఏసీసేరు మావా. ఏయో ఆటబొమ్మలనుకున్నారు. నాను ఎల్లీసరికి గోపురం ఒక సగవే ఉంది. అదీ అంటుకుంతంది. సెయ్యెట్టేను గాని..." అని అరచెయ్యి చూపించాడు. కాలిన మచ్చ.

వాడు నిప్పులో చెయ్యి పెట్టాడు. నేను నోట్లోంచి మాట తీయలేకపోయాను. మా ఇద్దరిలో చదువుకున్నవాణ్ని నేను!

మూడేళ్ల కిందట ఉత్తరం వచ్చింది. దొర చెబుతుంటే వాళ్ల ఊరి పాస్టరు ఇంగ్లీషులో రాశాడు. దొరకి చూపు పోయింది. దొరసాని శిబిరంలో ఉండగానే జ్వరంతో పోయింది. పంది బయటపెట్టిన గంటను ఈ యుద్ధంలో వాళ్ల సర్కారే దించి ఫిరంగులకు కరగబోసింది. అంతకాలం సైనికులనుంచి దాచిన గంట అది. పొయ్యి కూలిపోయింది, ఇప్పుడు ఎవరి రొట్టె వాళ్లే కాల్చుకుంటున్నారు. గుడి గోడ మీద యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కారు. నలభై గడపల ఊరికి ఆ గోడ చాల్లేదట. మిల్లు గురించి కూడా రాయించాడు. తిరిగొచ్చాక ముందుగా వాగు దగ్గరికే పోయాడట. మిల్లు కుడి ఒడ్డునే ఉందట. ఆ మాట చెప్పడానికి ఆమె లేదు.

చివర నాలుగు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. "ఆనాడు నువ్వు వాళ్లకి అంతా వివరించి ఉంటావు. వాళ్లే నమ్మి ఉండరు. నా భార్య చనిపోయే ముందు కూడా, పైడయ్య మన ఊరి తరఫున మాట్లాడాడు అని చెప్పుకుంది. ఏం చెప్పావో నాకు ఒకసారి రాస్తావా?"

సిమ్మాద్రికి చదివి వినిపించాను.

"ఏదో ఒకటి రాసీ మావా. సెప్పేను, ఆలు నమ్మనేదని రాసీ. ముసిలోడు సుకంగా పోతాడు."

"అబద్ధం కదరా."

"ఆ యేల నిజం సెప్పేవేటి, ఇప్పుడు పట్టింపు?"

నా మొహం మీద ఇంత సూటిగా మాట్లాడినవాడు ఇంకొకడు లేడు. జవాబు రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. రాయడం, చింపడం. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు, నిజం రాయడానికి ధైర్యం రాలేదు.

పోయిన ఏడు వానలకు ముందు నిజమే రాశాను. తెలీదన్నాను, నాకు అంతా తెలిసి తెలీదన్నాను అని రాశాను. పెట్టెలోంచి ఆ చిన్న సిలువ తీశాను. ఆ ఊరంతటిలో మిగిలింది అదొక్కటే. దాని మీది కత్తిని ఉలితో గీకి తీసేశాను, అది నా ఆయుధం కాదు కనుక. నాది చెక్కుదామని కూర్చున్నాను. మూడు రోజులు కూర్చున్నాను. ఏ పళ్ల చక్రం గీసిచ్చినా కర్రలో దించినవాణ్ని, మాట్లాడకపోవడానికి రూపం దొరకలేదు. నున్నగా చిత్రిక పట్టి అలాగే ఉత్తరంతో కలిపి గుడ్డలో కుట్టి పంపించాను.

ఆరు నెలలకు పొట్లం తిరిగొచ్చింది, కుట్టు కుట్టినట్టే ఉంది. మీద పాస్టరు చేతిరాత, ఒకే ముక్క: చనిపోయారు. కింద పోయిన తేదీ. నేను పోస్టు చేసిన రోజుకి పదకొండు రోజుల ముందు.

అంటే అతను నన్ను మంచివాడనుకుంటూనే పోయాడు. ఆమె కూడా అలాగే పోయింది. సంతోషించమంటాడు సిమ్మాద్రి. నా వల్ల కావడం లేదు. తిట్టవలసిన ఇద్దరూ తిట్టకుండా పోయారు, ఇక నన్ను తిట్టే హక్కున్నవాడు భూమ్మీద లేడు.

పనికి చేరుతున్నవాళ్లకు ఉలి పట్టడం మేస్త్రీలు నేర్పుతారు. వాలు ఎంత పెట్టాలో పుస్తకాల్లో ఉంది. ఎవడైనా మీరు చేసిన కర్రను బల్ల మీద పెట్టి ఇదేమిటని అడిగితే, అది ఏమిటో చెప్పండి. నేను రాయగలిగింది అంతే. దానివల్ల ఆ సంతకం పడేదని కూడా నేను రాసివ్వలేను.

పొట్లం మా కిటికీ గూట్లో ఉంది. విప్పలేదు. కట్టుబాటు ప్రకారం సిలువ తప్పు జరిగిన చోటే ఉండాలి. నేను దాన్ని వాళ్ల ఊరికి పంపితే, అది సముద్రం చుట్టి రంగూనుకే వచ్చింది. మా కిటికీలోంచి చూస్తే మూడు మిద్దెల అవతల ఆ కచేరీ పైకప్పు కనబడుతుంది.